నాలుగు గొట్టాల సాలీడు

సూసమీర్ పచ్చికలో గుర్రాల పాలు పితికే వేళ ఎవరూ గట్టిగా తుమ్మరు కూడా. ఆడగుర్రం అసలే అనుమానపు మనిషి. ముందు దాని పిల్లని నోరు పెట్టనివ్వాలి. పాలు దిగగానే పిల్లని పక్కకి లాగి, తల్లి మెడ దగ్గరే నిలబెట్టి, ఇంకా నీ పిల్లే తాగుతోందమ్మా అని నమ్మించి పితుక్కోవాలి. ఆ నమ్మకం పోయిందా, పాలు పైకెళ్ళిపోతాయి. ఆ పూటకి గంగాళం బోర్లించుకోవడమే.

అలాంటి వేళ, బేగిమై ఒక మోకాలి మీద కూర్చుని, బకెట్టు తొడమీద పెట్టుకుని, మందలోకెల్లా మొండిదైన గోధుమరంగు గుర్రాన్ని సగం పితికింది. అప్పుడు కనుమ రోడ్డు మీంచి ఒక మోత దిగింది. రేకు డబ్బాలో కందిరీగల్ని పోసి ఊపినట్టుంది.

గుర్రం చెవులు నిక్కాయి. తర్వాత బకెట్టు గాల్లోకి లేచింది. ఆ తర్వాత బేగిమై తలనిండా పాలు.

మిగతా గుర్రాలు ఏం జరిగిందో కనుక్కోకుండానే పరుగు లంకించుకున్నాయి. తాడుకి కట్టిన పిల్లలు గోల పెట్టాయి. ఇదంతా చేసిన ఎర్రటి పాత కారు వచ్చి గుడారం ముందు ఆగింది. అందులోంచి ఒక కుర్రవాడు నవ్వుతూ దిగాడు.

"కుమిస్ ఉందా, ఎజె?"

"ఇందాకటిదాకా ఉండేది."

అతను ఆమె తలగుడ్డ మీంచి కారుతున్న పాలని చూశాడు. నవ్వు సగంలో ఆపేశాడు.

"నేను నీకు అక్కలా కనిపిస్తున్నానా?" అంది బేగిమై.

"తలగుడ్డ ఉంటే... ముఖం కనపడక..."

"ఆ సంగతి తర్వాత చూద్దాం. ముందెళ్ళి గుర్రాల్ని పట్టుకురా."

"ఏ గుర్రాల్ని?"

"అదిగో, వాగవతల చుక్కల్లా ఉన్నాయే, వాటిని."

"కారేసుకుని వెళ్తే—"

"తాళం ఇటిచ్చి వెళ్ళు."

అతను వెళ్ళాడు. పట్నపు బూట్లతో, బురదలో, అరుచుకుంటూ. పిల్లలు ఇక్కడ కట్టి ఉన్నంతకాలం తల్లులు ఎంత దూరం పారిపోయినా వాటంతటవే తిరిగొస్తాయి. పచ్చిక మీద పుట్టినవాళ్ళెవరికైనా తెలిసిన సంగతే. అతనికి మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి జడ పిండుకుంటోంది.

పొద్దు వాలేసరికి గుర్రాలన్నీ వచ్చేశాయి. వాటి వెనకాల చాలాసేపటికి అతనొచ్చాడు, ఒక బూటుతో.

బేగిమై వాళ్ళ అమ్మ సైకాల్ అతన్ని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, గిన్నెలో గుర్రప్పాలు పులియబెట్టిన కుమిస్ పోసి, రొట్టె విరిచి పెట్టింది. పేరు ఎల్దియార్ అనీ, బిష్కెక్‌లో ఒక షెడ్డులో కార్లకి పొగగొట్టాలు వంచి వెల్డింగ్ చేస్తాడనీ, తండ్రి లేడనీ, తల్లి కుట్టుపని చేస్తుందనీ ఆ ఒక్క గిన్నెలోనే రాబట్టింది. అలా రాబట్టడానికే ఆవిడ గిన్నెలు కాస్త పెద్దవి కొంటుంది.

"ఆ మోత ఏమిటి నాయనా, కారుకి ఒంట్లో బాగోలేదా?"

"అది జబ్బు కాదు అపా, సాలీడు. నేనే చేశాను."

* * *

ఆ తర్వాత ప్రతి ఆదివారం అతనికి కుమిస్ మీద మహా మమకారం పుట్టుకొచ్చింది. కారుని రోడ్డు మలుపులోనే ఆపి నడిచి వచ్చేవాడు. అయినా మోత కనుమ మీదినుంచే వినపడేది. ముందు గోధుమరంగు గుర్రం చెవులు నిక్కేవి. కాసేపటికి మనుషులకి వినపడేది. ఆ చెవుల్ని చూసి బేగిమై తలగుడ్డ మార్చుకోవడం సైకాల్ చూసింది. చూసి, పొయ్యిలో పిడక వేసింది.

ఒక ఆదివారం అతను బానెట్ ఎత్తి ఆమెకి సాలీడుని చూపించాడు. ఇంజిన్ పక్కనుంచి నాలుగు సన్నటి గొట్టాలు వంపులు తిరిగి దిగి, కింద ఒకటే గొట్టంలో కలిశాయి. నిజంగానే కాళ్ళు ముడుచుకున్న సాలీడులా ఉంది.

"కారుతో వచ్చే మానిఫోల్డ్ ఒట్టి ఇనప ముద్ద," అన్నాడు. "నాలుగు సిలిండర్ల పొగా ఒకే ఇరుకు గుమ్మంలోంచి తోసుకోవాలి. బజారు వ్యాన్‌లోంచి జనం దిగినట్టు. దీన్లో ఎవరి దారి వాళ్ళది. ముందు పోయేది వెనకదాన్ని లాక్కుపోతుంది. ఇంజిన్‌కి ఊపిరి ఆడుతుంది. బరువు సగం. యాక్సిలరేటర్ తొక్కితే పై స్పీడ్‌లో చూడాలి దీన్ని."

"కింది స్పీడ్‌లో?"

"కింద... కాస్త పికప్ తగ్గుతుంది."

"కనుమ ఎక్కేటప్పుడు ట్రక్కుల వెనక ఏ స్పీడ్‌లో వస్తావు?"

అతను గొట్టం మీది మరకేదో తుడిచాడు.

"ఈ గుడ్డ ఎందుకు చుట్టావు? ఉయ్యాల్లో పిల్లకి చుట్టినట్టు."

"పల్చటి గొట్టం కదా, వేడి బయటికి కక్కుతుంది. చుట్టకపోతే పక్కనున్న వైర్లు కాలతాయి."

"చుట్టాక కాలలేదా?"

"ఒకటి కాలింది."

"లోపల ఆ పసుపు లైట్?"

"సెన్సార్‌కి అర్థం కావట్లేదు. తనిఖీకి వెళ్ళే ముందు ఏదో ఒకటి చేస్తా."

"అంటే," బేగిమై వేళ్ళు ముడవడం మొదలుపెట్టింది, "కొండ ఎక్కలేదు, వైర్లు కాలుస్తుంది, తనిఖీలో తప్పుతుంది, గుర్రాల్ని బెదరగొడుతుంది. ఖాళీ రోడ్డు దొరికి, అడ్డం ఎవరూ లేకపోతే మాత్రం బాగా పరిగెడుతుంది. మా చిన్నాన్న కూడా అంతే."

"మోతంతా దీనిదే కాదు. సగం వెనకున్న సైలెన్సర్‌ది."

"అదెవరు మార్చారు?"

"నేనే."

ఆమె నవ్వింది. అతను కూడా నవ్వాడు. అక్కడితో ఆగిపోయుంటే ఆ ఆదివారం బాగానే గడిచేది.

"పీకెయ్," అంది ఆమె.

"ఏంటి?"

"మీ అమ్మ ఈ కారెక్కదని నువ్వే చెప్పావు. ఒకసారి ఎక్కి, దిగి, ఇంక నడిచే వస్తానందిట కదా. గుర్రాలకి పడదు, మీ అమ్మ ఎక్కదు. ఇది ఎవరి కోసం?"

"నా చేత్తో చేసిన మొదటి పనిది. షెడ్డుకొచ్చే ప్రతివాడూ బానెట్ ఎత్తి దీన్నే చూస్తాడు. నీ గుర్రాల కోసం పీకెయ్యమంటావా?"

"గుర్రాల కోసమని నేనన్నానా?"

"మరి?"

ఆమె గుర్రాలవైపు నడిచింది. అతను బానెట్ కాస్త గట్టిగానే మూశాడు. కారు వెళ్ళాక చాలాసేపు ఆ మోత కొండల్లో తిరుగుతూనే ఉంది.

మరుసటి ఆదివారం అతను రాలేదు. ఆ పైవారమూ రాలేదు. గోధుమరంగు గుర్రం ప్రశాంతంగా బకెట్టు నిండా పాలిచ్చింది. దాన్ని చూస్తే బేగిమైకి ఒళ్ళు మండింది.

* * *

తలాస్ నుంచి కబురొచ్చింది. బేగిమై తండ్రి జపార్‌తో కలిసి సైన్యంలో పనిచేసిన స్నేహితుడి కుటుంబం. శనివారం వస్తున్నారు. వట్టి చేతులతో కాదు, చెవిపోగులతో.

కుర్రవాడి తల్లి తన చేత్తో అమ్మాయి చెవులకి పోగులు పెట్టిందంటే ఆ అమ్మాయి ఆ ఇంటిదే. పెద్దల ముందు పెట్టించుకున్న పోగుల్ని తర్వాత తీసి ఇవ్వడమంటే రెండు ఇళ్ళకీ తల ఎత్తుకోలేని పని.

"నాకిష్టం లేదు," అంది బేగిమై.

సైకాల్ పాలు చిలుకుతున్న కర్ర ఆపలేదు. "ఎందుకని?"

"నీకు తెలుసు."

"నాకు తెలిసి ఏం లాభం. మీ నాన్న ఆ మనిషితో ఒకే రొట్టె పంచుకు తిన్నాడు. వట్టినే కాదనలేడు. మాకు వేరే మాట అయిందని చెప్పాలి. ఎవరితో అయిందని చెప్పమంటావు? వేసంగి మొదలైనప్పటినుంచీ మన గుమ్మంలోకి కారొస్తోంది గానీ తల్లి రాలేదు. కారుకి పిల్లనిస్తామా?"

బేగిమై గుట్ట ఎక్కింది. పచ్చికలో ఫోన్ పలికేది ఆ గుట్ట నెత్తిన, అదీ గాలి లేనప్పుడు. "శనివారం తలాస్ వాళ్ళు పోగులు తెస్తున్నారు. వాళ్ళు పెట్టేలోపు మీ అమ్మని తీసుకురా. రాకపోతే ఇంక ఎప్పుడూ రాకు," అని మెసేజ్ కొట్టింది. పంపాక చివరి వాక్యం తీసేస్తే బాగుండేదనుకుంది. అప్పటికే వెళ్ళిపోయింది.

జవాబు వచ్చేసరికి చలికి చేతులు కొంకర్లు పోయాయి.

"వస్తాను. ఇక్కడ పని ఉంది."

పని ఉందిట. ఆమె ఆ ముక్కని గుట్ట దిగేంతసేపూ నమిలింది.

* * *

శనివారం పొద్దుటినుంచే సన్నటి వాన. తలాస్ వాళ్ళు అనుకున్నదానికంటే ముందే వచ్చేశారు. పెద్ద తెల్లకారు, పిల్లిలా వచ్చి ఆగింది. గుర్రాలు తలైనా తిప్పలేదు. కుర్రవాడు రాలేదు, అతని ఫోటో వచ్చింది. దాన్ని మోసుకొచ్చిన తల్లి బాత్మా నిండుగా ఉంది, మాట కలుపుగోలుగా ఉంది. బేగిమైకి అదే బాధ. ఆవిడ కాస్త చెడ్డది అయ్యుంటే పని సులువయ్యేది.

అతిథి గిన్నె నిండుగా ఉండగా పని మాట ఎత్తడం ఆ ఇంట్లో లేదు. సైకాల్ ఆ పద్ధతిని అంత పట్టుదలగా పాటించడం జపార్ తన కాపురంలో ఎప్పుడూ చూడలేదు. బాత్మా గిన్నె రెండు గుటకలు తగ్గితే చాలు, గరిటె వచ్చేది.

"చాలు వదినా."

"పల్చటి కుమిస్, గాలిలాంటిది. తాగండి."

"మీవాడి ఉద్యోగం గురించి చెప్పనేలేదు," అనేది సైకాల్ మళ్ళీ. పీపాలో గరిటె అడుక్కి తగిలిన చప్పుడు గుడారంలో అవతలి మూల ఉన్న బేగిమైకి వినిపించింది.

"పాలు పితికే వేళైంది," అని చెప్పి ఆమె బయటికొచ్చేసింది. అబద్ధం కాదు, వేళ నిజంగానే అయింది.

తండ్రి వెనకాలే వచ్చి పిల్లగుర్రాన్ని విప్పాడు. ఒక్కొక్క గుర్రమే అవుతోంది. ఆమె కళ్ళు పొదుగు మీద లేవు, గోధుమరంగు గుర్రం చెవుల మీద ఉన్నాయి. కనుమ మీద ఆ మోత పుడితే ముందు తెలిసేది వాటికే. చెవులు వాన చినుకుల్ని విదిలించుకున్నాయి. నిక్కలేదు.

బయల్దేరి ఉండడు. లేదా వాళ్ళమ్మ ఎక్కనని ఉంటుంది. లేదా ట్రక్కుల వెనక ఆ సాలీడు దమ్ము లేక చతికిలపడి, కనుమ సొరంగం ముందు వేడెక్కి ఆగిపోయి ఉంటుంది. అలా ఆగిపోయినా బాగుండునని ఆమె మనసులో అనుకుంది. అది 'రాలేదు' కంటే నయం.

"ఎవరి కోసం చూస్తున్నావు?" అన్నాడు తండ్రి మెల్లగా.

"గుర్రాన్ని చూస్తున్నాను ఆతా."

"గుర్రం ఇటుంది."

బాత్మా గొడుగు వేసుకుని బయటికొచ్చింది. చేతిలో చిన్న ఎర్ర పెట్టె. "అమ్మాయ్, వాన పెరిగేలోపు లోపలికి రా తల్లీ. శుభం పని కదా, ఆలస్యం చెయ్యకూడదు."

"ఇంకొక్క గుర్రం ఉంది," అంది బేగిమై.

"కానీ. దీని తర్వాత ఇంక సాకులు చెప్పకు." ఆవిడ నవ్వి లోపలికెళ్ళింది. జపార్‌ని కూడా లోపలికి పిలిచింది. కూతురు పితకడం మొదలుపెట్టాక పిల్లగుర్రం తాడు ఎవరో ఒకరు పట్టుకోవాలి కాబట్టి ఆయన కదల్లేదు.

ఆఖరిది గోధుమరంగుదే. బేగిమై మోకాలి మీద కూర్చుంది. ఎంత నెమ్మదిగా పితకొచ్చో అంత నెమ్మదిగా పితికింది. తలెత్తి చెవుల్ని చూసింది. రెండూ వెనక్కి వాలి, హాయిగా ఉన్నాయి. వాన సన్నగా వినిపిస్తోంది. కనుమవైపు ఇంకే చప్పుడూ లేదు.

అతను రాడు.

పిల్లగుర్రం తాడు గుంజుకుంది.

"గట్టిగా పట్టుకోండి ఆతా."

"నేను ఆతాని కాదు."

తాడు పట్టుకున్న చేతి నిండా నల్లటి గ్రీజు, బొటనవేలికి కట్టు. పైకి చూసింది. వానలో తడిసిన ఎల్దియార్. తండ్రి అప్పటికే గుడారంవైపు నడుస్తున్నాడు, వెనక్కి చూడకుండా, ఎప్పటికంటే కాస్త తొందరగా.

"మాట్లాడకు," అంది ఆమె ఊపిరితో. "సగంలో ఉంది."

"మాట్లాడను."

"మీ అమ్మ?"

"లోపల. మీ అమ్మ అప్పుడే గిన్నె ఇచ్చేసింది."

"కారు వినపడలేదు."

"వినపడకూడదనే."

గుర్రం ఒక చెవి ఇటు తిప్పింది. ఇద్దరూ నోరు మూశారు. చెవి మళ్ళీ వాలింది. పాలు సన్నటి ధారగా బకెట్టులో పడుతున్నాయి.

"సాలీడు?"

"డిక్కీలో. పాత ఇనప ముద్దే బిగించాను. సైలెన్సర్ కూడా పాతదే."

"ఇంతసేపా?"

"ఒక స్టడ్ బోల్టు ఇంజిన్‌లోనే విరిగిపోయింది. వేడికి పట్టేసింది. డ్రిల్ చేసి తియ్యాల్సొచ్చింది. బొటనవేలు అప్పుడే తెగింది."

"నాకు అరవాలనుంది."

"అరిచెయ్. పాలు పైకెళ్ళిపోతాయి."

ఆమె పళ్ళు బిగించింది. "పని ఉందని రాశావు. ఆ పని ఇదేనని ఇంకో ముక్క రాస్తే ఏం పోయేది? నేను పొద్దుటినుంచీ ఈ చెవుల్ని చూస్తూ కూర్చున్నాను. మోత రాలేదు కాబట్టి నువ్వు రాలేదనుకున్నాను. ఆ పెట్టె ఇక్కడిదాకా వచ్చి వెళ్ళింది, తెలుసా?"

అతని ముఖం పాలిపోయింది. "నేను... తీసేస్తున్నానని రాస్తే నువ్వడిగావని తీసినట్టుంటుందని..."

"మరెందుకు తీశావు?"

"నువ్వడిగావనే."

గుర్రం ఊపిరి వదిలింది. బేగిమై ముఖాన్ని దాని పొట్టకి ఆనించుకుంది. తడి అంతా వాన మీదికి నెట్టెయ్యొచ్చు.

"కనుమ ఎలా ఎక్కింది?" అంది కాసేపటికి.

"ట్రక్కు వెనక ఒక్కసారి కూడా సణగలేదు. అమ్మ నిద్రపోయింది."

"దిగాక, ఖాళీ రోడ్డు మీద?"

"పరుగు చచ్చింది. కూరగాయల వ్యాన్ కూడా దాటిపోయింది. అందులోని ముసలాయన చెయ్యి ఊపాడు," అన్నాడు ఎల్దియార్, నిజంగా బాధగా.

* * *

గుడారంలో ఇద్దరు తల్లులు ఎదురెదురుగా ఉన్నారు. ఒకరి ఒళ్ళో ఎర్ర పెట్టె. ఇంకొకరి ఒళ్ళో ముడేసిన చేతిగుడ్డ. ఎల్దియార్ తల్లి కలీపా సన్నగా, నిటారుగా, సూదిలా కూర్చుని ఉంది. సైకాల్ చేతిలో గరిటె ఉంది గానీ పీపాలో ఏమీ లేదు.

బాత్మాయే మొదలుపెట్టింది. "మేం ముందొచ్చాం."

"నేను ముందే రావాల్సింది," అంది కలీపా. "తప్పు నాదే. ఆ కారులో కూర్చోనని ఒట్టు పెట్టుకున్నాను. మా వాడు దాన్ని విప్పి మనిషిని చేసేదాకా కదల్లేదు."

అందరూ జపార్ వైపు చూశారు. ఆయన స్నేహితుడి భార్యని చూశాడు, గుమ్మంలో తడిసి నిలబడ్డ కుర్రవాడిని చూశాడు. టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"చెవులు దానివి," అన్నాడు. "దాన్నే అడగండి."

బేగిమై పాల బకెట్టు కింద పెట్టింది. బాత్మా ఎదుటికెళ్ళి రెండు చేతులూ గుండెలమీద పెట్టుకుని తల వంచింది. ఆ వంచడంలోనే ఆవిడకి అర్థమైంది. అప్పుడు బేగిమై కలీపా ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని, తలగుడ్డ చెవుల వెనక్కి తోసుకుంది.

చేతిగుడ్డ ముడి గట్టిగా పడింది. దర్జీ చేతులకే రెండుసార్లు జారింది. పోగులు చిన్నవి, వెండివి, కాస్త నల్లబడినవి. ముందు కుడి చెవికి, తర్వాత ఎడమ చెవికి పెట్టింది.

బాత్మా ఎర్ర పెట్టె మూసింది.

"ఇంత కుమిస్ నాచేత ఎందుకు తాగించావో ఇప్పుడు తెలిసింది వదినా," అంది సైకాల్‌తో. "మావాడి ఫోటో ఇటివ్వు. ఇంక గిన్నె మాత్రం ఇవ్వకు." కోపం ఉంది ఆ గొంతులో, కాదనడానికి లేదు. అయినా మాంసం ఉడికేదాకా కూర్చుంది, తిని వెళ్ళింది. జపార్ ఆవిడ కారుదాకా గొడుగు పట్టాడు.

వాన వెలిశాక కలీపా ఆ సాలీడేదో చూస్తానంది. ఎల్దియార్ డిక్కీలోంచి గుడ్డలో చుట్టి తెచ్చాడు. సైకాల్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత బయటి పొయ్యి దగ్గరకి తీసుకెళ్ళి, గొట్టాలన్నీ కలిసిన ఒంటికాలుని మెత్తటి నేలలో దిగ్గొట్టి, పైకొచ్చిన పలక మీద టీ కెటిల్ కూర్చోబెట్టింది. కెటిల్ మూతివైపు కాస్త ఒరిగింది.

"ఒంచుకోవడానికి సులువు," అంది. "పనికొచ్చేదే చేశావు నాయనా."

అతను ఏదో అనబోయి, బేగిమై చెవుల్ని చూసి ఊరుకున్నాడు.

బయల్దేరేటప్పుడు కారు స్టార్ట్ చేస్తే ఎవరో పొడి దగ్గు దగ్గినట్టయింది. గోధుమరంగు గుర్రం మేత ఆపలేదు. వెనక సీట్లో కలీపా అప్పుడే తల వాల్చింది. బేగిమై కిటికీ మీద చెయ్యి పెట్టి వంగింది.

"ఇప్పుడు నువ్వొచ్చేది నాకెలా తెలుస్తుంది?"

"కావాలంటే చెప్పు. కెటిల్ దించి మళ్ళీ బిగిస్తా."

"అక్కర్లేదు. కనుమ దిగాక హారన్ కొట్టు. ఒక్కసారే. మెల్లగా."

అతను అక్కడే కొట్టి చూపించాడు, వేలితో తాకినంత మెల్లగా. గుర్రం ఒక చెవి ఎత్తింది. అటు చూసింది. మళ్ళీ గడ్డిలో తల పెట్టింది.